ఎవరికి చెప్పాలి లెక్క?

హిందూపురం చుట్టుపక్కల లెక్కలు రాసి బతికేవాళ్లకి ఒక కులదైవం లాంటి మనిషి ఉన్నాడు. పేరు విరూపణ్ణ. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారి. తమ్ముడు వీరణ్ణతో కలిసి 1530ల్లో లేపాక్షి వీరభద్రాలయం కట్టించాడు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చయిపోయిందని తెలిసి రాజు అతని కళ్లు పీకించమన్నాడనీ, ఆ మాట చెవిన పడగానే విరూపణ్ణ తన కళ్లు తనే పెరికి గోడకేసి కొట్టాడనీ కథ. పడమటి వైపు గోడ మీద రెండు ఎర్రటి మరకల్ని గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. అది కథే. కల్యాణ మండపం మాత్రం నిజంగానే సగంలో ఆగిపోయి, పైకప్పు లేని స్తంభాలతో నిలబడి ఉంది.

స్కూలు పిల్లలతో కలిసి మొదటిసారి ఆ మరకలు చూసినప్పుడు నాకు రాజు మీద కోపం వచ్చింది. ఆయన ఇంటికేమన్నా మూట కట్టుకున్నాడా, గుడే కదా కట్టించింది అనుకున్నాను. ఇప్పుడు నేను హిందూపురంలో ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ రిటర్నులు వేసి బతుకుతున్నాను. ఈ పనిలో పడి 22 ఏళ్లయింది. ఇన్నేళ్లలో మెల్లగా రాజు పక్షానికి జరిగాను. సొమ్ము ఎవరిదో తేలకుండా దానితో ఎంత గొప్ప పని చేసినా ఏం లాభం అనేది మా వృత్తిలో మొదటి పాఠం. కానీ రెండేళ్ల క్రితం ధర్మవరం అమ్మాయి ఒకామె అడిగిన ప్రశ్నతో ఈ రెండు పక్షాలూ నాకు చాలకుండా పోయాయి. ఆమె గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి ఇక్కడ రాస్తున్నాను.

ఆమె నాన్న మగ్గం నేస్తాడు. ఈమె డిగ్రీ అయ్యాక ఫోన్లో పట్టుచీరల వీడియోలు తీసి యూట్యూబులో పెట్టడం మొదలుపెట్టింది. అంచు చూపిస్తుంది, కొంగు చూపిస్తుంది, జరీ గురించి నాలుగు మాటలు చెప్తుంది. మాట బాగుంటుంది. మన ఇంటి పిల్ల చెప్పినట్టే ఉంటుంది. ఒక కంపెనీ ఆమెకి ప్రచారం కోసం 60 వేలు ఇస్తూ అందులో 10 శాతం టీడీఎస్ కోసుకుంది. ఆ 6 వేలు వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాలని ఎవరో చెబితే రైలెక్కి నా దగ్గరికొచ్చింది.

ఇట్లాంటివాళ్లు ఇప్పుడు నా దగ్గరికి చాలామందే వస్తున్నారు. పెనుకొండ దగ్గర కియాలో పనిచేసే కుర్రాడైతే ఫారం 16 పట్టుకొస్తాడు, పావుగంటలో పనైపోతుంది. పెళ్లిళ్లలో పాడేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, రీల్స్ చేసేవాళ్లు వస్తే ముందు వాళ్ల బతుకు కథ వినాలి. ఏది ఆదాయం, ఏది ఖర్చు, ఏది ఇంటిది, ఏది పనిది అనేది వాళ్లకే తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చట్టానికే వాళ్లని ఏ గడిలో కూర్చోబెట్టాలో చాలాకాలం తెలియలేదు. సినిమాలో పాడేవాళ్లనీ, సినిమాకి పాట రాసేవాళ్లనీ, బట్టలు డిజైన్ చేసేవాళ్లనీ 'ఫిల్మ్ ఆర్టిస్ట్' అనే వృత్తి కింద లెక్కేశారు. గుడి ముందు పాడేవాడి పేరు ఆ జాబితాలో లేదు. సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లకి రిటర్న్ ఫారంలో 16021 అని సొంత నంబరు వచ్చింది 2025లోనే.

ఆ అమ్మాయి లెక్క చూశాను. ఆ ఏడాది గూగుల్ నుంచి, ప్రచారాల నుంచి అంతా కలిపి 3 లక్షల 30 వేలు. వృత్తి నిపుణులకి ఒక సులువు పద్ధతి ఉంది. వచ్చినదాంట్లో సగం ఆదాయమని ఒప్పుకుంటే చాలు, పుస్తకాలు రాయక్కర్లేదు, బిల్లులు దాచక్కర్లేదు. 1961 చట్టంలో దాన్ని 44ఏడీఏ సెక్షన్ అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో అంకెలు మారతాయి, అంతే. సగమంటే లక్షా 65 వేలు. పన్ను సున్నా. 6 వేలూ వెనక్కి వస్తాయి.

అన్నీ అయ్యాక లేవబోతూ అడిగింది. "అన్నా, షాపులోళ్లు చీరలు కూడా పంపిస్తాంటారు. వీడియో చేసినాక వెనక్కి అడగరు. అవి గూడా రాయల్లా?"

ఎన్ని, ఎవరు అని అడిగాను. ఐదు షాపులు, పద్నాలుగు చీరలు. పేర్లు చెప్పింది. ఒక షాపు పేరు దగ్గర నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. వాళ్లు పంపిన మూడు చీరలూ కలిపి 17 వేలుంటాయంది.

"20 వేల లోపే గదమ్మా. వదిలెయ్" అన్నాను.

ఆ 20 వేల సంగతి ఇది. వ్యాపారంలో భాగంగా ఎవరికైనా వస్తువులో, ప్రయాణాలో, మరో ప్రయోజనమో ఇస్తే, దాని విలువ ఏడాదికి 20 వేలు దాటితే, ఇచ్చేవాళ్లు దాని మీద 10 శాతం టీడీఎస్ కట్టాలి. 2022 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన. దాని గురించి ఇచ్చిన సర్క్యులర్లో సోషల్ మీడియాలో ప్రచారం చేసేవాళ్ల మాట కూడా ఉంది. వస్తువు వాడి తిరిగిచ్చేస్తే ప్రయోజనం కాదు, ఉంచేసుకుంటే ప్రయోజనమే. ఇంతవరకు స్పష్టం. కానీ ఆ 20 వేల గీత ఇచ్చేవాళ్ల కోసం గీసింది. ఎంత దాటితే టీడీఎస్ కోయాలి అన్నదే అది చెప్తుంది. పుచ్చుకున్నవాళ్లకి అది ఆదాయమా కాదా అన్నది వేరే మాట. వృత్తి వల్ల వచ్చిన ప్రయోజనం ఏ రూపంలో వచ్చినా ఆదాయమేనని చట్టంలో ఎప్పటినుంచో ఉంది. అది నాకు తెలుసు. తెలిసే 'వదిలెయ్' అన్నాను. ఎట్లాగూ పన్ను పడదు కదా, ఆ పిల్లకెందుకీ తలనొప్పి అని నాకు నేను చెప్పుకున్నాను.

నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాలేమీ తేలేదు.

బెంగళూరు నుంచి ఒకావిడ, కూతురి పెళ్లికని, ఈమె వీడియో చూసి అదే షాపులో మూడు చీరలు కొందట. 36 వేలు. ఇంకో రెండు కావాల్సివచ్చి ధర్మవరం వచ్చింది. వీడియోలో చూసిన పిల్ల ఊళ్లోనే ఉంటుందని తెలిసి, ఒక చీర చేతిలో పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఈమె లోపల టీ పెడుతోంది. నాన్న మగ్గం గుంతలోంచి లేచి ఆ చీర చేతిలోకి తీసుకున్నాడు. అంచు వేళ్లతో తడిమాడు. మగ్గం మీద బట్ట బిగువుగా నిలవడానికి అడ్డంగా పెట్టే కర్ర మొనల వల్ల అంచున సన్నటి చిల్లులు పడతాయి. అవి ఉన్నాయా అని చూశాడు. తిరగేసి వెనక జరీ చూశాడు. "ఇది మరమగ్గం చీరమ్మా" అన్నాడు ఆవిడతో. తర్వాత వంటింటి వైపు తిరిగి అడిగాడు. "నువ్వు చెప్తివా, ఇది మగ్గం చీరని?"

చెప్పింది. షాపువాళ్లు పంపిన చీటీలో ఏముంటే అదే చెప్పింది. ఆమె నేతగాడి కూతురే గాని మగ్గం మీద కూర్చోలేదు. చీరని ఫోన్లోంచి చూసినంత శ్రద్ధగా వేళ్లతో చూడలేదు.

ధర్మవరంలో ఇది చిన్న విషయం కాదు. కొన్ని రకాల చీరల్ని చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. అయినా మరమగ్గం మీద గంటల్లో అయ్యే నకలు, మగ్గం మీద రోజుల తరబడి నేసే చీర పక్కనే అదే పేరుతో కూర్చుంటోంది. ఆ నాన్న కూలి పెరగకపోవడానికి కారణాల్లో అదొకటి. కూతురి మాట దాన్ని అమ్మిపెట్టింది.

నా ఎదురుగా కూర్చుని ఆమె అడిగిన ప్రశ్న ఇది. "అన్నా, ఆ షాపోళ్ల దగ్గర నేను ఒక్క రూపాయి తీసుకోలేదు. చీరలు ఊరికే ఇచ్చినారు. మరి నేను నా మాట అమ్ముకున్నట్లా, అమ్ముకోనట్లా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ షాపు జీఎస్టీ రిటర్నులు వేసేది నేనే. వాళ్ల కొనుగోలు బిల్లులు ప్రతి నెలా నా టేబుల్ మీదికి వస్తాయి. సరుకు ఎక్కడెక్కడి నుంచి దిగుతుందో నాకు తెలుసు. అది మగ్గాల సరుకు కాదని తెలుసు. ప్రతి ఉగాదికీ వాళ్లింటి నుంచి మా ఇంటికి ఒక చీర వస్తుందని కూడా నాకు తెలుసు. నా పుస్తకాల్లో ఆ చీర ఏనాడూ లేదు.

అప్పుడు కదా నా పెన్ను ఎందుకాగిందో నాకే అర్థమైంది. 'వదిలెయ్' అన్నది ఆ అమ్మాయి లెక్క గురించి కాదు. నా లెక్క గురించి.

ఇక్కడ అసలు ప్రశ్న. పన్ను ఎట్లాగూ పడనప్పుడు, పుస్తకాలు అక్కర్లేదని చట్టమే చెప్తున్నప్పుడు, లెక్క రాయడం ఎందుకు? నా వృత్తిలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. లెక్క అంటే ప్రభుత్వానికి చెప్పేది అన్న నమ్మకం మాది. అడిగేవాడు లేకపోతే చెప్పేది లేదు. ఎక్కడ గీత ఉందో తెలుసుకుని దానికి ఇవతల నిలబెట్టడమే మా నైపుణ్యం. అందుకే మాకు ఫీజిస్తారు. గీతకి ఇవతల ఉండటం తప్పు కాదు. కానీ గీత గీసినవాళ్లు తమ సౌకర్యం కోసం గీసుకున్నారు. చిన్న మొత్తాల వెంటపడటం దండగ అని 20 వేల దగ్గర ఆగారు. ఎక్కడి నుంచి వెతకాలో గీత చెప్తుంది. ఎక్కడ నిజం మొదలవుతుందో చెప్పదు. ఆ రెంటినీ ఒకటిగా తీసుకోవడం నాకు అలవాటైపోయింది. నన్ను నమ్ముకున్నవాళ్లకీ అదే అలవాటు చేశాను.

కానుకకి లెక్క రాస్తే అది కానుకెట్లా అవుతుంది అని ఒక మిత్రుడన్నాడు. ప్రేమతో ఇచ్చినదానికి వెల కట్టడం మన పద్ధతి కాదన్నాడు. నాకు మా ఊరి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని చదివింపుల పుస్తకం రాసే పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఫలానా ఊరు, ఫలానా వారు, నూట పదహార్లు, ఒక గిన్నె. ఆ పుస్తకం మా అమ్మ బీరువాలో బట్టల కింద ముప్ఫై ఏళ్లు దాచింది. వాళ్లింట్లో పెళ్లొస్తే తీసి చూసేది. పుచ్చుకున్నది బాకీ అని, బాకీ గుర్తుండాలని మనవాళ్లకి తెలుసు. రాసిపెట్టుకోవడం ప్రేమ లేక కాదు, మరచిపోతామని భయపడి. లేపాక్షి గుడి గోడల మీద ఉన్న శాసనాలూ అట్లాంటివే. ఎవరు, ఏ భూమి, ఏ దేవుడి సేవకి ఇచ్చారో రాయి మీద చెక్కిపెట్టారు. దానం అని దాన్ని గాలికి వదిలెయ్యలేదు.

మనం దాచుకునే కానుక ఒకటి ఉంటుంది. అది బాకీ అని తెలిసీ, బాకీ అని ఒప్పుకోవడం ఇష్టంలేనిది. అది ఊరికే వచ్చింది అంటాం. ఊరికే వచ్చిన వస్తువు మనకి తెలియకుండానే మన మాటని మెత్తబరుస్తుంది. డబ్బిస్తే మాట ఎంతకు అమ్మామో తెలుస్తుంది. ఊరికే ఇస్తే అమ్మామనే తెలియదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో డబ్బు తీసుకున్నా, ఉచితంగా వస్తువు తీసుకున్నా, ఆ సంగతి చూసేవాళ్లకి చెప్పాలని ఉంది. అందులో 20 వేల గీత లేదు. పన్ను శాఖకి చిన్నది చిన్నదే. నమ్మి కొనేవాళ్లకి చిన్నది చిన్నది కాదు. ఒకే చీరకి ఇద్దరికి లెక్క చెప్పాలి. నేను ఒకరి గురించే ఆలోచించాను.

దీనికి రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి నుంచి ఒక పెద్దాయన బ్యాంకు లోను కోసం నా దగ్గరికొచ్చాడు. మూడేళ్ల రిటర్నులు కావాలన్నారట. బొమ్మలాటలు తగ్గి, ఇప్పుడు మేకతోలుతో దీపాల గుడ్డలు, గోడకి తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నారు. ఒక దీపానికి ఖర్చెంత అని అడిగాను. తోలు, రంగులు, తీగ, రవాణా చెప్పాడు.

"నీ కూలి తాతా?" అన్నాను.

"నాకేం కూలప్పా. నా పనే గదా."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"నేనూ, మా ఆడమనిషీ కూర్చుంటే నాలుగు దినాలు."

ఇద్దరికి నాలుగు రోజుల కూలి, ఉపాధి హామీ రేటుకే కట్టి చూశాను. తోలు ఖర్చు కూడా కలిపితే ఆయన అమ్మే ధర కన్నా ఎక్కువ వచ్చింది. కాగితం ఆయన వైపు తిప్పాను. చాలాసేపు చూశాడు. "కళకి లెక్కలేందప్పా" అన్నాడు. నవ్వాడు గాని అది నవ్వు కాదు.

కళకి లెక్కలేంటి అన్న మాట మన దగ్గర గొప్పగా వినిపిస్తుంది. నాకూ ఒకప్పుడు గొప్పగానే ఉండేది. ఇప్పుడు ఆ మాట ఎవరికి లాభం చేస్తోందో చూస్తున్నాను. పిలిచి ఆడించి, డబ్బు మాటెత్తితే ప్రచారం వస్తుంది కదా అనేవాళ్లకి లాభం. చీర పంపి మాట పుచ్చుకునేవాళ్లకి లాభం. లెక్క లేనిచోట ఎప్పుడూ బలమున్నవాడి లెక్కే చెల్లుతుంది. పుచ్చుకున్నది రాసుకోని అమ్మాయి ఎవరికి బాకీ పడిందో తెలుసుకోలేకపోయింది. ఇచ్చింది రాసుకోని పెద్దాయన ఎవరు తనకి బాకీ ఉన్నారో తెలుసుకోలేకపోయాడు. రెండూ ఒకే చీకటి.

లెక్కలో అన్నీ పడతాయని నేను అనను. రాముడి బొమ్మకి కన్ను చివరగా తొలిచేటప్పుడు ఆ పెద్దాయన ఊపిరి బిగబట్టడం ఏ గడిలోనూ పట్టదు. కానీ పట్టేవి కూడా పట్టకుండా వదిలేసి, పట్టనివాటి పేరు చెప్పడం మోసం.

ఆ రోజు ఆ అమ్మాయికి ఒక నోటు పుస్తకం ఇచ్చాను. గీతలు గీసిచ్చాను. తేదీ, ఎవరు పంపారు, ఏమిటి, వెల ఎంత, తిరిగిచ్చామా. ఐదు గడులు. పన్ను కోసం కాదు, నీ కోసం అన్నాను. ఆ షాపు నా దగ్గరి ఖాతాదారేనని కూడా చెప్పాను. బిల్లుల సంగతి చెప్పలేదు. ఖాతాదారు రహస్యం బయటపెట్టే హక్కు నాకు లేదు. ఆమె నా మొహం వైపు చూసి ఇంకేమీ అడగలేదు. అడగకపోవడంలోనే ఆమెకి అర్థమైందని నాకు తెలిసింది.

నెల తర్వాత పుస్తకం తెచ్చి చూపించింది. ఆరో గడి ఒకటి తనే గీసుకుంది. పైన రాసింది: 'నేనేం చెప్పినాను.' ప్రతి చీరకీ ఎదురుగా, వీడియోలో తను అన్న మాటలు. "మగ్గం చీర అని చెప్పినాను, నాయనకు చూపించలేదు." "రంగు పోదు అన్నాను, ఉతికి చూడలేదు." ఇన్నేళ్లలో నేను చూసిన పుస్తకాల్లో అంత నిజమైన ఖాతా ఇంకొకటి లేదు. ఆవిడకి ఫోన్ చేసి క్షమించమని అడిగిందట. మరమగ్గం చీర ఎట్లా గుర్తుపట్టాలో నాన్న చేతులు చూపిస్తూ ఒక వీడియో పెట్టింది. షాపుల నుంచి పార్సిళ్లు దాదాపు ఆగిపోయాయి. ఆదాయం మూడో వంతు పడిపోయింది. మంచి చేస్తే మంచే జరుగుతుందని ఈ కథలో చెప్పలేను. నాన్నతో మాటలు మళ్లీ మొదలయ్యాయని మాత్రం చెప్పింది.

ఇక నా సంగతి. ఆ షాపు రిటర్నులు ఇప్పటికీ నేనే వేస్తున్నాను. వాళ్ల బిల్లుల్లో అబద్ధం లేదు. కొన్నది కొన్నట్టే, అమ్మింది అమ్మినట్టే ఉంటుంది. అబద్ధం షాపు ముందు బోర్డు మీద ఉంది. బోర్డు నా టేబుల్ మీదికి రాదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ కాస్త బలహీనపడుతోంది. ఖాతా వదులుకుంటే ఇంకొకరు వేస్తారు, చీరలు అవే అమ్ముడుపోతాయి. వదులుకోకపోతే నేను గీతకి ఇవతలే ఉంటాను. ఇంతకాలం నేను నేర్చుకున్న నైపుణ్యం ఇంతవరకే పనికొచ్చింది.

మొన్న ఒక ఆదివారం లేపాక్షి పోయాను. మరకల దగ్గర జనం ఉన్నారు. నేను పైకప్పు కింద నిలబడి బొమ్మలు చూశాను. అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో కలిసి ఆ రంగుల్లో ఉన్నారు. అక్కడ విరూపణ్ణకి కళ్లు ఉన్నాయి. కథ నిజమైనా కాకపోయినా, అతని తప్పేమిటో నాకు ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. గుడి కట్టడం కాదు. ఖర్చు పెట్టడం కూడా కాదేమో. రాజు అడిగేదాకా చెప్పకపోవడం. మంచి పనే కదా అని తనకి తనే చెల్లు రాసుకోవడం.

ఈ ఉగాదికి చీర వద్దని కబురు పెట్టాను. షాపాయన నొచ్చుకున్నాడు. "ఏం సార్, మావల్ల తప్పేమన్నా జరిగిందా?" అన్నాడు. ఏం లేదులే అన్నాను. ఆ సాయంత్రం నేనూ ఒక నోటు పుస్తకం తీసి ఆరు గడులు గీశాను. పాత ఉగాదులన్నీ వరసగా రాశాను. తేదీ, ఎవరు, ఏమిటి, వెల, తిరిగిచ్చామా. ఆరో గడి దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడాదికీ ఒకే మాట రాయాల్సి వచ్చింది.

నేనేం చెప్పినాను: ఏమీ చెప్పలేదు.